అప్పజెప్పిన లెక్కలు

మా మనుమరాలికి లెక్కలు చెప్పేవారి కోసం టేకులపల్లిలో నేను తట్టని తలుపు లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ అడవి మండలాల ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. మా వీధిలో సగం మంది నా దగ్గర చదివినవారు, తక్కిన సగం వారి పిల్లలు. అయినా ఆ మాఘమాసంలో ఎవరి ముంగిట నిలబడినా, నేను నోరు విప్పకముందే వాళ్ల ముఖాలలో ఒక జాలి కదిలేది. ఒక ఇంటి లోపలి నుంచి "మళ్ల వచ్చిండు పెద్దసారు, లేనని చెప్పు" అన్న మాట నా చెవిన పడింది కూడా. విననట్టే నిలబడ్డాను. అంతటి అవసరం నాది.

అసలు సంగతి ఇది. పదవ తరగతి ప్రీఫైనల్ పరీక్షల జవాబుపత్రాలు ఇంటికి వచ్చిన రోజున మా కోడలు లెక్కల పత్రాన్ని నా చేతికివ్వలేక, నేను చదువుకునే బల్ల మీద బోర్లా పెట్టి వెళ్లిపోయింది. తిప్పి చూశాను. ఎనభైకి పదకొండు. అసలు పరీక్షకు ఇక యాభై రోజులు కూడా లేవు.

ఆ పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు మలేరియా సోకి దవాఖానాలో వారం రోజులుంది. రక్తపరీక్షలు చేసే ఆవిడ ఒకరు ఈ పిల్లను ఎత్తుకుని సూక్ష్మదర్శినిలోకి చూడనిచ్చిందట. అప్పటినుంచి ఆ సూక్ష్మదర్శిని ముందు తానూ కూర్చోవాలన్నదే దాని కోరిక. ఏమవుతావని ఎవరడిగినా మరో మాట చెప్పి ఎరుగదు. లెక్కలలో తప్పితే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. ఆ సంగతి దానికీ తెలుసు. లెక్కల పిరియడు ఉన్న రోజున పట్టుకెళ్లిన టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి తెచ్చేది.

నాకు మాత్రం ఒకటే ఆశ్చర్యం. దాని ధారణశక్తి నాకు తెలుసు. నాలుగో ఏట నుంచి ప్రతి సాయంకాలం దీపం పెట్టే వేళకు చేతులు కట్టుకుని నా ఎదుట నిలబడేది. ఆనాడు నేను చెప్పిన పద్యమో, శ్లోకమో, ఎక్కమో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. అప్పజెప్పిన తరువాతే అన్నం. ఇరవయ్యో ఎక్కం వరకు బడిలో చేరే నాటికే నోటికి వచ్చేసింది. ఇంటికి ఎవరైనా వస్తే పిలిచి నిలబెట్టి వినిపించేవాణ్ణి. ఇంతటి పిల్లకు లెక్కలు రాకపోవడమేమిటి? చెప్పేవాడిలోనే లోపముందని తీర్మానించుకున్నాను. సరైన గురువు దొరికితే చాలుననుకున్నాను.

మొదట బడిలో లెక్కలు చెప్పే ఆయననే అడిగాను. గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని బస్సు స్టాండు వైపు పరుగు వంటి నడకతో పోతున్నాడు. పక్కనే నేనూ నడిచాను.

"సార్, నేను ఖమ్మం నుంచి వచ్చిపోతున్న. ఈ బస్సు పోతే ఇల్లు చేరేసరికి మా పిల్లలు పండుకుంటరు. వాళ్లకే నేను లెక్కలు చెప్తలేను, మీ పాపకేం చెప్పాలె?" అంటూనే మెట్టెక్కాడు. కిటికీ లోంచి తల బయటపెట్టి, "ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదివించుండ్రి సార్, గట్టెక్కుతది" అన్నాడు. ఆ సలహాను నేను అక్షరాలా పాటించాను. పాటించి ఏమి చేశానో తరువాత తెలిసింది.

రెండవవాడు మా వీధిలోనే గది కిరాయికి తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్న యువకుడు. అడగ్గానే ఒప్పుకున్నాడు. సాయంకాలం అరుగు మీద పలక పెట్టి మొదలుపెట్టాడు. నేను పక్కనే పడకకుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఇది లంబకోన త్రిబుజం చెల్లే..."

"త్రిభుజం నాయనా. బకు వత్తు. లంబకోణం, ణకారం."

"అవ్ సార్, త్రిబుజం."

మర్నాడు 'బిన్నం' వచ్చింది, దానితోపాటు 'లబ్దం' వచ్చింది. ఊరుకోలేకపోయాను. మూడవనాడు అతడు సుద్దముక్క కింద పెట్టి, "సార్, మీరు పక్కకు కూసుంటే నాకు నోరు తిరుగుతలేదు" అన్నాడు. చమత్కరించాడనుకుని నవ్వాను. నాలుగవనాడు రాలేదు. ఫోను చేస్తే, పొద్దునా సాయంత్రం రన్నింగ్ ప్రాక్టీసు పెట్టారని చెప్పాడు. నేను నమ్మాను. మా కోడలు నమ్మలేదు.

"ఆయన లెక్క చెప్పనీకి వచ్చిండు మామయ్యా. మీకు ఉచ్చారణ అప్పజెప్పనీకి కాదు" అన్నది, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే. అంగన్‌వాడీలో ముప్పై మంది పసివాళ్లను సముదాయించి వచ్చే మనిషి. గొంతు పెంచదు. పెంచకుండానే తగిలిస్తుంది.

ఇంకా ఎందరినో అడిగాను, అందరూ కాదన్నారు. రోజులు కరిగిపోతున్నాయి. అటువంటి సమయంలో ఒకనాడు మా కోడలే పరుగున వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే ఆమెది పర్ణశాల వైపు ఊరట.

"మామయ్యా, పర్ణశాలల ఒక లెక్కల పంతులు ఉన్నడంట. పెద్దాయన, ఒంటి మనిషి. ఆయన లెక్క కడితే తప్పిన దాఖలా లేదంట. మన ముందరి గది ఇస్తమంటే నెల రోజులు వచ్చి ఉంటడేమో అడుగుండ్రి."

పదాలతో జీవితమంతా గడిపినవాణ్ణి. 'పంతులు' అన్న మాటకు మా ప్రాంతంలో ఎన్ని అర్థాలున్నాయో, 'లెక్క కట్టడం' అంటే ఏమేమి కట్టడమో నాకు తెలియనివి కావు. అయినా ఆ వేళ ఒక్క అర్థమే నా చెవికెక్కింది. నాకు కావలసిన అర్థం.

మర్నాటి ఉదయమే పిల్లను వెంటబెట్టుకుని బయలుదేరాను. గురువు కాబోయేవాడు శిష్యురాలిని ఒకసారి చూడాలి కదా అనుకున్నాను. కొత్తగూడెంలో ఒక బస్సు, భద్రాచలంలో మరొక బస్సు మారాము. దారి పొడుగునా మోదుగులు పూసి ఉన్నాయి. గోదావరి వంతెన మీద కూడా పిల్ల తల తిప్పలేదు. ఒళ్లో తెరిచిన పుస్తకం వైపే చూస్తూ పెదవులు కదుపుతోంది. అంత శ్రద్ధగా చదివే పిల్లకు ఇటువంటి గతి పట్టించిన బడిని మనసులో తిట్టుకున్నాను.

యాత్రికుల దుకాణాల వెనుక సందులో ఆయన ఇల్లు. అరుగు మీద చాప, చాప మీద ఆయన, ఎదుట ఒక పలక. పలక నిండా అంకెలు. ఆ అంకెలు చూడగానే నా ప్రాణం లేచివచ్చింది.

"పాపకు లెక్కలు..." అని మొదలుపెట్టాను.

"కడదాం, కూసోండ్రి. పాపది ఏ నక్షత్రం?"

"నక్షత్రం కోసం రాలేదండీ. లెక్కల కోసం వచ్చాం."

ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. "నేను చేసేది లెక్కలే కద! నక్షత్రం చెప్పకుంట లెక్క ఎట్ల కట్టమంటవయ్యా?"

అప్పుడర్థమైంది. లేచి దణ్ణం పెట్టి వచ్చేయవలసింది. రెండుచోట్ల బస్సులు మారి వచ్చిన అలసట, ఇంటికి వెళ్లి కోడలికేమి చెప్పాలన్న సిగ్గు, ఇంకెక్కడా అడగడానికి మిగలలేదన్న దిగులు, అన్నీ కలిసి నన్ను చాప మీద కూర్చోబెట్టాయి. నక్షత్రం చెప్పాను. పుట్టిన వేళ కూడా చెప్పాను. ఎందుకు చెప్పానని ఈనాటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆయన చాలాసేపు పలక మీద వేసి, చెరిపి, మళ్లీ వేశాడు. "ఈ యేడు విద్యాస్థానం బాగలేదు. రాస్తే తప్పుతది. రాయించకుంటేనే మంచిది. వచ్చే యేడు రాయించు, ఢోకా లేదు" అన్నాడు. దురుద్దేశంతో అనలేదు. చాలా దయగా అన్నాడు. పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది.

తిరుగు ప్రయాణంలో అది పుస్తకం తెరవలేదు. ఎన్నో వారాల తరువాత కిటికీలోంచి బయటికి చూసింది. కొత్తగూడెం దాటాక మెల్లగా, దాదాపు సంతోషంగా, "తాతా, నేను పరీక్ష రాయ. పంతులే చెప్పిండు గద" అన్నది. వచ్చే ఏడు రాసినా ఇదే భయం ఎదురుగా నిలబడుతుందని దానికి తెలియదు. నాకు తెలుసు. ఇంతవరకు ఆ పిల్లకు లెక్కలు రావన్న దిగులే ఉండేది. ఇప్పుడు పరీక్షే రాయకుండా మానడానికి నేనే దానికొక కారణం కొనిపెట్టినట్టయింది.

మా కోడలు అంతా విని చేతిలోని చేట పక్కన పెట్టింది. తరువాత, "లెక్కలు చెప్పే పంతులును తీసుకరమ్మంటే జాతకం తీసుకొచ్చిర్రా మామయ్యా?" అన్నది. మా అబ్బాయి బొగ్గుగని షిఫ్టు దిగి వచ్చి, విషయం విని, స్నానం కూడా చేయకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ మసి ముఖంలో కళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి. నా వైపు చూడలేదు.

పిల్ల బడికి పోతున్నది కానీ లెక్కల పుస్తకం అటక మీదికెక్కింది. అన్నం సరిగా తినడం మానేసి చాలా రోజులైనందున యూనిఫారం వదులైపోయి భుజాల మీద నిలవడం లేదు. కుట్లు బిగించాలని కోడలు చెబితే, పిల్లతోపాటు బజారులోని దర్జీ దుకాణానికి నేనే వెళ్లాను. ఆ సాయిబు దగ్గర ఇరవై ఏళ్లుగా మా ఇంటి బట్టలు కుట్టిస్తున్నాము. ఆయన కూతురు ఒక మూల కూర్చుని ఎప్పుడూ కాజాలు కుడుతూ ఉంటుంది. చిన్నప్పటినుంచి అదే మూల, అదే పని. ఆ అమ్మాయే టేపు తీసుకుని లేచింది.

"ఏందే, మొన్న దసరాకు కొలిచిన కొలతల సగమే ఉన్నవు? పరీక్షలు నిన్ను తింటున్నయా, నువ్వు పరీక్షలను తింటున్నవా?"

"పరీక్ష రాస్తలేను అక్కా."

"ఎందుకే?"

"లెక్కలు రావు. రాయొద్దని పంతులు గూడ చెప్పిండు."

ఆ అమ్మాయి టేపు మెడలో వేసుకుని నా వైపు తిరిగింది. ఉన్నదంతా చెప్పేశాను. పర్ణశాల సంగతికి సాయిబు మిషను ఆపి పడిపడి నవ్వాడు. నవ్వు ఆగాక, "పంతులుగారూ, నా బిడ్డ బీఎస్సీ మ్యాథ్సు. బీఈడీ గూడ చేసింది. ఊరంత తిరిగిన్రు, గోదారి దాటిన్రు, నా దుఖానంల ఒక్కమాట అడుగకపోతిరి" అన్నాడు.

అడగలేదు. నేను అడిగినదంతా సారు కోసం, పంతులు కోసం. కాజాలు కుట్టే అమ్మాయి చదువు ఏమిటని ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ విచారించలేదు. తల వంచుకుని, "తప్పయింది. ఇప్పుడడుగుతున్నాను తల్లీ, చెప్తావా?" అన్నాను. అప్పటికి పరీక్షకు ఇరవై మూడు రోజులున్నాయి.

"ముందు ఈమెకు ఏమొచ్చో చూడనియ్యిండ్రి సార్" అని ఆ అమ్మాయి బిల్లుల పుస్తకం వెనుక అట్ట మీద ఒక లెక్క రాసిచ్చింది. ఒక రైలు మూడువందల కిలోమీటర్లు పోవాలి. వేగం గంటకు పది కిలోమీటర్లు పెంచితే ఒక గంట ముందు చేరుతుంది. అసలు వేగమెంత?

పిల్ల కలం తీసుకుని ఆగకుండా రాసింది. పది వరుసలు, ముత్యాల వంటి అక్షరాలు. జవాబు యాభై. సరైనదే. నా గుండె కుదుటపడింది. చూశావా, వచ్చు కదా, అనబోయాను.

ఆ అమ్మాయి మూడువందలు కొట్టివేసి నాలుగువందల ఇరవై అని రాసింది. "ఇప్పుడు చెయ్యి."

పిల్ల మళ్లీ అంతే వేగంగా రాసింది. అవే పది వరుసలు. మూడువందలే. యాభయ్యే.

"నాలుగువందల ఇరవై అని రాసిన గదనే?"

పిల్ల కాగితం వైపు చూసింది, తాను రాసినదాని వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. ఎక్కడైనా ఒక పాదం మరిచిపోతే అందించమని నా వైపు చూసే చూపు అది. ఆ చూపు నాకు పదేళ్లుగా పరిచయం.

"సార్," అన్నది ఆ అమ్మాయి నెమ్మదిగా, "ఈ పిల్ల లెక్క చేస్తలేదు. అప్పజెప్తున్నది."

దుకాణంలో మిషను ఆగిపోయి ఉంది. బస్సులో గోదావరి మీద కదిలిన ఆ పెదవులు నా కళ్ల ముందు కదిలాయి. పుస్తకంలోని లెక్కలన్నిటినీ, ప్రశ్న మొదలు జవాబు వరకు, పద్యాల వలె కంఠస్థం చేసింది మా పిల్ల. బడిసారు చెప్పిన ఇంపార్టెంట్ ప్రశ్నలను నేనే సాయంకాలాలు నిలబెట్టి అప్పజెప్పించుకున్నాను. పొల్లుపోకుండా చెబితే మెచ్చుకున్నాను. పరీక్షలో అంకె మారితే ఆ పిల్లకు దిక్కు లేదు. ఆ పదకొండు మార్కులు అంకె మారని లెక్కలవి.

"నేను చెప్త సార్. కాని ఒక్కటి. పరీక్ష అయ్యేదాక పిల్లతోని ఏదీ అప్పజెప్పించుకోవద్దు. లెక్కే కాదు, పద్యం గూడ. మీరు పాఠం కాడ కూసోవద్దు."

"పద్యం వల్ల ఏమి నష్టం తల్లీ?"

"నష్టమో లాభమో నాకు తెల్వదు సార్. ఈమెకు ఏది చూసినా నోరు ముందు ఉరుకుతది. ఆ ఉరుకుడు ఆపాలె."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న సాయంకాలమే దీపం పెట్టే వేళకు పిల్ల అలవాటు కొద్దీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "వద్దమ్మా" అన్నాను. "కోపమొచ్చిందా తాతా?" అని అడిగింది. కాదన్నాను. అది కాసేపు అలాగే నిలబడి, చేతులు విప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఇద్దరి మధ్య ఉన్న మాటలన్నీ ఆ అప్పజెప్పడంలోనే ఉండేవని, అది తీసేస్తే ఆ పిల్లతో ఏమి మాట్లాడాలో నాకు తెలియదని ఆ సాయంకాలం తెలిసింది.

రోజూ బడి విడవగానే దుకాణం వెనుక గదిలో పాఠం. నేను వీధి వైపు బెంచీ మీద. లోపలి నుంచి 'బిన్నం' వినబడేది, 'వర్గమూలం' కాస్తా 'వర్గముల'మయ్యేది. పళ్లు బిగబట్టి సాయిబు కుడుతున్న అంచును చూస్తూ ఉండేవాణ్ణి. ఆ అమ్మాయి పద్ధతి ఒకటే. ఒక లెక్క, పది రకాల అంకెలు. పుస్తకం మూత వేసి.

మొదటి వారంలో పిల్లకు వచ్చినవి కూడా పోయాయి. కంఠస్థం చేసినది చెదిరిపోయింది, దాని చోట కొత్తది నిలవలేదు. ఒకనాడు తెల్లకాగితం ముందు పెట్టుకుని అరగంట కూర్చుని ఒక్క అంకె వేయలేక వెక్కివెక్కి ఏడ్చింది. ఆ అమ్మాయి బయటికి వచ్చి గుమ్మానికి ఆనుకుని, "నాకు గూడ భయమైతున్నది సార్. రోజులు సరిపోవేమో. ఉన్న పదకొండు గూడ పోగొట్టిన్నేమో" అన్నది. ధైర్యం చెప్పవలసిన పెద్దవాణ్ణి నేను. నా దగ్గర లేదు. లోపల ఏడుపు వినబడుతూనే ఉంది. తిరిగి అప్పజెప్పించడం మొదలుపెడదామా అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. ఆ అమ్మాయి ముఖం చూసి మింగేశాను. కొంతసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి వెళ్లింది.

లెక్కల పరీక్ష ముందురోజు వరకు పిల్ల రాస్తానని అనలేదు, రాయనని కూడా అనలేదు. హాల్‌టికెట్టును మా కోడలు పుస్తకాల సంచిలో పెడితే తీసి బయట పడేయలేదు. మేము చూసుకోగలిగిన శుభసూచన అదొక్కటే.

పరీక్షాకేంద్రం ఇల్లెందులో పడింది. లెక్కల పరీక్ష రోజున తెల్లవారగానే బస్సెక్కాము. రోడ్డు పక్క కోయ స్త్రీలు బుట్టలతో ఇప్పపూలు ఏరుకుంటున్నారు, బస్సంతా ఆ తీపి వాసన. పిల్ల పెదవులు కదులుతున్నాయేమోనని దొంగచూపుతో చూశాను. కదలడం లేదు. అది మంచికో చెడుకో తెలియలేదు. గేటు దగ్గర దాని కాళ్లు ఆగాయి. "పంతులు చెప్పిన మాట నిజమైతే?" అని అడిగింది.

"ఆయన లెక్క తప్పిందేమో నాకు తెలియదమ్మా. నేను చూసుకోలేదు. నువ్వే లోపలికి వెళ్లి చూడాలి" అన్నాను. అది నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి లోపలికి నడిచింది.

మూడు గంటలు ఎండలో నిలబడ్డాను. బయటికి వచ్చిన పిల్లల చుట్టూ తల్లిదండ్రులు మూగి మొదటి ప్రశ్నకేం రాశావు, రెండోదానికేం రాశావని అడుగుతున్నారు. మా పిల్ల వచ్చి నా ఎదుట నిలబడింది. చేతులు కట్టుకోబోయి ఆగిపోయింది.

"అడుగవా తాతా?"

"అడగను."

"రెండు అసలే తెల్వలె. ఇడిచిపెట్టిన. రైలు లెక్క వచ్చింది, అంకెలు వేరే. చేసిన. తప్పో ఒప్పో తెల్వదు."

ఇంకా ఫలితాలు రాలేదు. ఇది రాస్తున్న ఈ వేళకు కూడా నాకు తెలియదు. ఆ అమ్మాయికీ తెలియదు. సాయిబు మాత్రం నేను దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా మిషను ఆపి, "వచ్చిందా?" అంటాడు. ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపుతాను.

ఆనాడు తిరుగు బస్సులో పిల్ల ప్రశ్నపత్రం మడతవిప్పి ఒళ్లో పెట్టుకుంది. వెనుక తెల్లగా ఉన్న చోట కలం ఆనించి, "తాతా, ఒక అంకె చెప్పు" అన్నది.

"ఏ అంకె?"

"నీ ఇష్టం. రైలు పొయ్యే దూరం. ఏదైనా."

పదేళ్లుగా ఏది చెప్పాలో నిర్ణయించి చెప్పినవాణ్ణి. ఏదైనా అనేసరికి తడబడ్డాను. "నూటపదమూడు" అన్నాను.

రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. బస్సు గుంటలో పడి కలం జారితే విసుక్కుంది. చివరికి తల అడ్డంగా ఊపి, "ఇది తెగుతలేదు తాతా. వర్గముల కాడ ఆగింది. ఇంకోటి చెప్పు" అన్నది.

వర్గమూలం అని దిద్దలేదు. ఇంకో అంకె చెప్పాను.